అరువు తెచ్చిన ఇల్లు

బస్సులక్క ఇంటికి ఆఫీసు నుంచి మనిషి వస్తున్నారన్న సంగతి బస్సులక్క కంటే ముందు వీధికి తెలిసింది. అందులో విడ్డూరమేమీ లేదు. ఆ వీధిలో ఒకరికి తలనొప్పి వస్తే, మాత్ర మింగేలోపు నలుగురు వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, తలా ఒక సలహా పారేసి పోతారు.

డిపోలో బస్సులు కడుగుతుంది కాబట్టి ఆమె బస్సులక్క. అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. తెల్లారేసరికి డిపోలో ఉండాలి. పొడుగాటి కర్రకు బిగించిన బ్రష్షుతో బస్సు నెత్తి దాకా రుద్దాలి. సీట్ల కింద ఎవరో నమిలి అంటించిపోయిన బబుల్‌గమ్ గీకాలి. ఆమె కడిగిన అద్దాల్లో చూసుకుని డ్రైవర్లు తల దువ్వుకుంటారు. ఇంటికొచ్చేసరికి మాత్రం ఆమె పాదాలు నానిపోయి, తెల్లగా ముడతలు పడి ఉంటాయి. మొగుడు ఆ పాదాలు చూసి, "ఇవాళ చేపలేమన్నా పడ్డాయా?" అని వేళాకోళం చేసేవాడు.

మొగుడు పెయింటరు. ఒక మేడకి రంగు వేస్తుండగా కాళ్ల కింద పలక విరిగి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుం దక్కలేదు. నడుస్తాడు, కాకపోతే టైము పడుతుందన్నాడు డాక్టరు. ఎంత టైమండీ అని అడిగితే గోడ గడియారం వంక చూశాడు. అప్పటి నుంచి పెయింటరు గది మూలన చాప మీద ఉన్నాడు. చేపల వేళాకోళం కూడా ఆగిపోయింది.

ఇద్దరు సంపాదిస్తేనే అంతంత మాత్రంగా నడిచే ఇల్లు, ఒక్కరి సంపాదనతో ఎలా నడుస్తుంది? బస్సులక్క రెండో షిఫ్టు కూడా అడిగి చేసింది. మందులు ఒక పక్క, అద్దె ఒక పక్క. ఈలోగా ఒకరోజు కూతురు బడి నుంచి ఆలస్యంగా వచ్చి, "చొక్కాల కంపెనీలో మాట్లాడొచ్చానమ్మా. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. కాజాలు కుట్టడమే, పెద్ద కష్టమేం కాదు" అంది, పెద్ద ఆరిందాలా. ఆ పిల్ల పదో తరగతి. లెక్కల్లో క్లాసుకంతటికీ మొదటిది. బస్సులక్క మొహం కడుక్కునే వంకన దొడ్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

మర్నాడు ఆమెను రెక్క పట్టుకుని ఆఫీసుకి లాక్కెళ్లింది ప్రెసిడెంటత్త. ఆవిడ దేనికీ ప్రెసిడెంటు కాదు. వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న ముసలావిడ. కానీ ఆవిడతో చెప్పకుండా ఆ వీధిలో పెళ్లి కుదరదు, గొడవ తీరదు. ఒళ్లొంచి పని చేస్తున్నా ఇల్లు గడవనివాళ్లకు గవర్నమెంటు నెలనెలా ఇచ్చే సాయం ఒకటి ఉందని ఆవిడే కనుక్కుంది.

"చెయ్యి చాచడం నా వల్ల కాదత్తా" అంది బస్సులక్క దారి పొడుగునా.

"చాచద్దులే. చెయ్యి నీ దగ్గరే ఉంచుకో, సంతకం పెట్టడానికి కావాలి" అంది ప్రెసిడెంటత్త.

అర్జీ పెట్టారు. ఇల్లు చూడడానికి మనిషిని పంపుతామన్నారు. ఆ వచ్చే మేడం ఏం రాస్తే అదే ఖాయం. ఆవిడ కాదంటే ఒకటో తారీఖున పిల్ల చొక్కాల కంపెనీకి పోతుంది. ఉన్నది అంతే.

అసలు గొడవంతా అటెండరు బాబాయితో మొదలైంది. అతను అదే ఆఫీసులో ఫైళ్లు మోస్తాడు, అదే వీధిలో కాపురముంటాడు. కాబట్టి గవర్నమెంటు గుట్టంతా తన జేబులో ఉన్నట్టు మాట్లాడతాడు. "ఇళ్లు చూసే మేడం సంగతి నాకు తెలుసు. మొన్న ఒక ఇంటికి పోయొచ్చి ఎంత మండిపడిందనుకున్నారు! మనుషులుండే కొంపేనా అది అని ఫైలు టేబులు మీద విసిరికొట్టింది. ఇల్లు లక్షణంగా ఉంటేనే ఆవిడకి మనసు కరుగుతుంది" అన్నాడు.

ఆవిడ మండిపడింది కురిసే గదికి అద్దె గుంజుతున్న ఇంటి యజమాని మీద. ఆవిడ ఆ మాట దగ్గరికొచ్చేసరికి అటెండరు బాబాయి టీలు తేవడానికి కిందికి దిగాడు. సగం విన్నవాడికి ఉండేంత ధైర్యం మొత్తం విన్నవాడికి ఎక్కడిది?

ఇంకేముంది, వీధి నడుం బిగించింది. ప్రెసిడెంటత్త కాలికి బలపం కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. టీకొట్టు మామ తన ఫ్రిజ్‌ని తోపుడు బండి మీద తెచ్చి దింపాడు. సెలూను అన్న, కస్టమర్లు కూర్చునే ఎర్ర సోఫాని ఇద్దరు మనుషుల చేత మోయించాడు. దాని కుట్లలో పదేళ్ల జుట్టు ఇరుక్కుని ఉంది, దులిపినా పోలేదు. కిటికీకి ప్రెసిడెంటత్త ఒక నీలం పువ్వుల పరదా కట్టింది. అది పరదా కాదు, ఎవరో కస్టమరు జాకెట్లూ గౌనులూ కుట్టమని ఇచ్చిన తాను. అటెండరు బాబాయి మేడం కూర్చోవడానికి మంచి కుర్చీ ఒకటి ఎక్కడి నుంచో పట్టుకొచ్చాడు. పెయింటరుతో పని చేసినవాళ్లు డబ్బాల అడుగున మిగిలిన రంగులు తెచ్చి ముందురోజే గోడలకు వేసిపోయారు. ఒక గోడ బ్యాంకు రంగు, ఒకటి బడి రంగు, ఇంకొకటి ఆస్పత్రి రంగు. నాలుగోదానికి కొంచెం రంగు చాలలేదు, ఆ మిగిలిన చోట ఫ్రిజ్‌ని పెట్టారు.

బస్సులక్క గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆ గదిలో కాపురం చేస్తున్నది తనే అని ఎవరైనా చెబితే తప్ప నమ్మేట్టు లేదు. కానీ ఇంతమంది ఇంత చేస్తుంటే వద్దని ఏ నోటితో అంటుంది?

తేవాల్సినవి తెచ్చారు. తీసేయాల్సినవి తీసేశారు. చాప, మలం గిన్నె, మందుల సీసాలు, పక్కమీద వేసే రబ్బరు గుడ్డ, అన్నీ మూటకట్టి ప్రెసిడెంటత్త ఇంట్లో పడేశారు. కప్పు దూలానికి ఒక తాడు వేలాడుతూ ఉండేది. పెయింటరు దాన్ని పట్టుకునే పైకి లేచి కూర్చునేవాడు. అతని పని తాడే అది, ముళ్లు కూడా అతను వేసినవే. "ఇదేంటే, చూస్తే గుండె ఝల్లుమంటోంది. ఉరితాడులా ఉంది" అని దాన్ని కూడా విప్పించింది ప్రెసిడెంటత్త.

సెలూను అన్న పెయింటరుకి నున్నగా గెడ్డం గీశాడు. ఎవరిదో మంచి చొక్కా తొడిగి, అది వదులైతే వెనక గుండుసూదులతో బిగించి, చుట్టూ దిళ్లు దోపి సోఫాలో కూర్చోబెట్టారు. మూడు నెలలుగా మంచాన పడ్డ మనిషి కాస్తా పెళ్లిచూపులకొచ్చినవాడిలా తయారయ్యాడు.

"అడిగినదానికల్లా బాగానే ఉన్నామని చెప్పు. ఏడుపు మొహం పెట్టకు. ఏడ్చేవాళ్లని రోజూ చూస్తుంటారు వాళ్లు" అని ఆఖరి పాఠం చెప్పి ప్రెసిడెంటత్త బయటికి పోయింది.

పొద్దున్నే వస్తానన్న మేడం మధ్యాహ్నం దాటాక వచ్చింది. భుజానికి బరువైన సంచీ, దుమ్ముకొట్టుకుపోయిన చెప్పులు, నడి వయసు. పాపం, చెడ్డ మనిషి కాదు. ఎన్ని మెట్లెక్కి దిగిందో, కుర్చీ చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు కూర్చుంది. కూర్చుని చుట్టూ చూసింది. ఫ్రిజ్ దగ్గర చూపు ఆగింది. పరదా దగ్గర ఆగింది. ఇంకా రంగు వాసన పోని గోడల దగ్గర ఆగింది. అలా ఆగిన ప్రతిచోటా మొహం కాస్త కాస్త బిగుసుకుంది.

"తిండీ తిప్పలూ ఎలా గడుస్తున్నాయమ్మా?"

"బాగానే గడుస్తున్నాయండి" అంది బస్సులక్క.

"మీరు పనికి పోతే ఈయన్ని ఎవరు చూసుకుంటారు?"

"నేనే చూసుకుంటానండి."

"మీకెలా ఉందండీ? నడుస్తున్నారా?" అని పెయింటరుని అడిగింది.

పెయింటరు నవ్వాడు. మగవాడు కదా, ఆడమనిషి ముందు నొప్పి అని ఎలా అంటాడు? "ఏముందండీ, నేడో రేపో పనిలోకి పోవడమే" అన్నాడు. నుదుటి మీద చెమట మాత్రం ధారలు కట్టింది. పొద్దుటి నుంచి అలా కూర్చోబెట్టి ఉంచారు. మామూలుగా అతను గడియ సేపు కూడా కూర్చోలేడని బస్సులక్కకి తెలుసు. 

మేడం కలం మూత పెట్టేసింది. "చూడండమ్మా, మీకు ఉద్యోగం ఉంది. ఈయన లేచి తిరిగేట్టే ఉన్నారు. ఇల్లు నా ఇంటికంటే బాగుంది. ఈ సాయం ఇంతకంటే అధ్వాన్నంగా ఉన్నవాళ్ల కోసం. వాళ్ల నోటి దగ్గరిది తీసి మీకెలా ఇవ్వమంటారు?"

బస్సులక్కకి కళ్ల ముందు కూతురు కాజాలు కుడుతూ కనబడింది. ఇంక ఆగలేక, "ఇవి మావి కావండీ. ఫ్రిజ్ టీకొట్టు మామది. సోఫా సెలూనుది" అనేసింది.

మేడం జాలిగా చూసింది. "ఈ మాట ఇవాళ వెళ్లిన ప్రతి ఇంట్లోనూ విన్నానమ్మా. ఏ ఇంటికి పోయినా ఫ్రిజ్ పక్కింటివాళ్లదే."

నిజం చెప్పినా నిలవని చోటు ఒకటుంటుందని బస్సులక్కకి అప్పుడే తెలిసింది. 

మేడం సంచీ సర్దుకుంటూ ఉంది. అప్పుడు ప్రెసిడెంటత్త గుమ్మంలోంచి తల పెట్టింది. "ఏమనుకోకండమ్మా, ఒక్క నిమిషం" అంటూ పిల్లిలా లోపలికొచ్చి, కిటికీ మీది పరదా లాగి చంకలో పెట్టుకుంది. "దీని తాలూకు ఆవిడ కొట్టు దగ్గర కూర్చుంది. ఇంకా కత్తెర కూడా పెట్టలేదంటే కొంప ముంచేస్తుంది" అని గొణుక్కుంటూ పోయింది. పొద్దున్నే అయిపోతుందనుకున్న పని కదా, సామాను ఇచ్చినవాళ్లంతా మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేకపోయారు.

మేడం ఉత్త కిటికీ వంక చూసింది. ఇంతలో టీకొట్టు మామ తోపుడు బండితో సహా వచ్చాడు. "పాలు విరిగిపోతున్నాయమ్మా, తప్పదు" అని ఫ్రిజ్‌ని కావిలించుకుని బయటికి నడిపించాడు. ఫ్రిజ్ జరిగిన చోట రంగు లేని గోడ బయటపడింది. పెచ్చులూడిపోయి, తడి మరకలతో ఉన్న ఆ గోడే అసలు ఇల్లు.

మేడం సంచీ మళ్లీ కింద పెట్టింది.

ఆఖరున సెలూను అన్న వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి చేతులు నలుపుకున్నాడు. "కస్టమర్లు నిలబడలేక పోతున్నారక్కా. సాయంత్రం బేరం పోతే..." అని, సోఫాలో ఉన్న పెయింటరుని చూసి నాలుక కరుచుకున్నాడు. పెయింటరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు మొహానికి ఎవరో కుట్టినట్టుంది. అతని వేళ్లు దిండుని పట్టుకుని తెల్లబడిపోయాయి.

"తీసుకుపో అన్నా. ఇంక చాలు" అంది బస్సులక్క.

సెలూను అన్న ఒక కేక వేశాడు. ఫ్రిజ్‌ని సగం దారిలో వదిలేసి టీకొట్టు మామ పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. సెలూను అన్న మెడ కింద చెయ్యి పోనిచ్చాడు, కస్టమరు తల పట్టుకునేటంత మెత్తగా. టీకొట్టు మామ మోకాళ్ల కింద చేతులు వేశాడు. బస్సులక్క నడుం కింద రెండు అరచేతులూ పరిచింది. "ఊఁ" అన్నాడు సెలూను అన్న. ముగ్గురూ ఒక్కసారే లేపారు. పెయింటరు ఎంత ఆపుకున్నా ఆగక కెవ్వుమన్నాడు. ఒట్టి నేల మీద దించబోతే, చాప లేదని అప్పుడు గుర్తొచ్చింది. మేడం లేచొచ్చి, తన భుజం మీది శాలువా తీసి నేల మీద పరిచింది. చొక్కా వీపున వరసగా గుండుసూదులు కనబడ్డాయి. వాటిలో రెండు ఒంట్లోకి దిగి ఉన్నాయి. వాటిని బస్సులక్క ఒక్కొక్కటే తీసింది.

"రోజూ ఇలాగే లేపుతారా?" అని అడిగింది మేడం.

"పొద్దున కొట్టు తీసేముందు ఒకసారి, రాత్రి మూసేశాక ఒకసారి. అక్క డిపోకి పోవాలి కదండీ. మధ్యలో ప్రెసిడెంటత్త చూస్తుంది" అన్నాడు సెలూను అన్న, అదేదో తప్పు చేసి దొరికిపోయినట్టు.

ఆ సమయంలోనే అటెండరు బాబాయి రొప్పుతూ ఊడిపడ్డాడు. వాతావరణం చూసుకునే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు. "మేడం, మరి... ఆఫీసు మూసే టైమైంది. కుర్చీ లెక్క చూస్తారు..." అన్నాడు. మేడం వెనక్కి తిరిగి కుర్చీ చూసింది. దాని వీపు మీద తెల్ల రంగుతో నంబరు, తమ ఆఫీసు గుర్తు.

"అది నా చేతి రాతేనండి. కిందటేడు మీ ఆఫీసుకి సున్నాలేసినప్పుడు కుర్చీలన్నిటికీ నేనే వేశాను" అన్నాడు పెయింటరు నేల మీంచి.

మేడం నవ్వింది. ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వుకి మాత్రమే కాదని అందరికీ తెలుసు. "తీసుకుపోవయ్యా, తీసుకుపో" అంది.

కుర్చీ, సోఫా కూడా పోయాక గదిలో ఇంక ఏమీ లేదు. అప్పుడు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలుపెట్టాయి. ప్రెసిడెంటత్త చాప తెచ్చింది, రబ్బరు గుడ్డ తెచ్చింది, గిన్నె కొంగు చాటున దాచి తెచ్చింది. టీకొట్టు మామ దూలానికి తాడు కట్టాడు. పెయింటరు దాన్ని పట్టుకుని, మొహం ఎర్రబడేదాకా గుంజి, కాస్త పైకి లేచాడు. "కూర్చోమనడానికి కూడా ఏమీ లేదండి" అన్నాడు.

మేడం చాప అంచున నేల మీద కూర్చుంది. బస్సులక్క ఎదురుగా కూర్చుని, నానిపోయిన పాదాలు చీర కింద దాచుకోబోయి, ఎందుకులే అని ఊరుకుంది.

"తిండీ తిప్పలూ ఎలా గడుస్తున్నాయమ్మా?" అని మేడం మళ్లీ మొదటి నుంచీ అడిగింది.

"గడవట్లేదండి" అంది బస్సులక్క.

తర్వాత అంతా చెప్పింది. రెండో షిఫ్టు, పస్తున్న పూటలు, చొక్కాల కంపెనీ, ఒకటో తారీఖు. చెబుతుంటే సిగ్గు వేస్తుందనుకుంది. వేయలేదు. మోసుకొచ్చిన బరువు దించుకున్నట్టే ఉంది. గుమ్మంలో నిలబడ్డ ప్రెసిడెంటత్త ముక్కు చీదింది. "ఇంటికి మనిషొస్తుంటే ఇల్లు అలా ఎలా ఉంచుతామమ్మా? మా బుద్ధి గడ్డి తింది" అంది.

"మీ బుద్ధికేం. సాయం వచ్చినా మీరు మాత్రం మానకండి. గవర్నమెంటు డబ్బివ్వగలదు గానీ పొద్దున్నే వచ్చి ఆయన మెడ పట్టుకోలేదు" అంది మేడం.

సాయం మంజూరైంది. చొక్కాల కంపెనీవాళ్లు కాజాలకి ఇంకెవరినో చూసుకున్నారు. బస్సులక్క రెండో షిఫ్టు మానేసింది. "ఇంక నేను ఇంట్లో ఉంటున్నా కదన్నా, ఎవరినన్నా కూలికి పెట్టుకుంటాం, నీకెందుకు శ్రమ" అని సెలూను అన్నతో అంటే, అతను రెండు రోజులు అలిగి ముభావంగా వచ్చి లేపిపోయాడు. రావడం మాత్రం మానలేదు.

ఆరు నెలలకోసారి ఇల్లు మళ్లీ చూడాలని రూలు. ఈసారి ప్రెసిడెంటత్తకి జ్ఞానోదయమైపోయింది. ముందురోజే వచ్చి, బస్సులక్క పొయ్యి మోసుకుపోవడానికి సిద్ధపడింది. మంచి గిన్నెలు రెండూ అప్పటికే చంకన పెట్టుకుంది.

"అత్తా, అవి నావే. ఉన్నవి ఉన్నట్టుండనీ" అంది బస్సులక్క.

"మరి అదేంటే?" అని ఆవిడ గది మధ్యకి వేలు చూపించి గుడ్లు తేలేసింది. "దాన్నన్నా దాచవే! కొంప ముంచుతుంది!"

అది కొత్త కుర్చీ. కూడబెట్టుకుని కొన్నది. పెయింటరు తాడు సాయంతో లేచి కూర్చుని, డబ్బా అడుగున మిగిలిన బ్యాంకు రంగు దానికి వేశాడు. నంబరు వేయలేదు. బస్సులక్క రాత్రంతా దాని వంక చూస్తూ ఆలోచించింది. దాచడమా, ఉంచడమా? దాన్ని చూసి సాయం ఆపేస్తే పిల్ల చదువు మళ్లీ మొదటికొస్తుంది. తెల్లారేసరికి లేచి, దాన్ని తుడిచి, వెలుతురు పడే చోట పెట్టింది.

మేడం వచ్చింది. అదే సంచీ, అవే చెప్పులు. లోపలికి అడుగు పెట్టి ఆగిపోయింది. గుమ్మం బయట వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. మేడం చుట్టూ తిరిగి కుర్చీ వీపు చూసింది. ఏ గుర్తూ లేదు.

"ఈ కుర్చీ ఎవరిదమ్మా?" అంది.

"మాదేనండి" అంది బస్సులక్క. "మీరు కూర్చుంటారని కొన్నాం."

మేడం సంచీ దించి, వెనక్కి ఆనుకుని, హాయిగా కూర్చుంది.